సిమ్ లేదన్న కంప్యూటర్

పోయిన నెల కదిరికి అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఫోను చార్జరు బస్సులోనే మర్చిపోయాను. "బీరువా కింద సంచిలో చూడు మే, ఏదో ఒకటి ఉంటాది" అంది అక్క వంటింట్లోంచే. అక్క ఏ వస్తువూ పారేయదు. సంచి బోర్లిస్తే చిక్కులు పడిన వైర్లు, అంకెలు అరిగిపోయిన రెండు పాత ఫోన్లు, ఒక కాలిక్యులేటరు, అన్నిటికంటే అడుగున వేలెడంత పొడవున్న డాంగిల్ బయటపడ్డాయి. కంప్యూటర్‌కు గుచ్చితే సెల్ టవరు నుంచి ఇంటర్నెట్ పట్టుకొచ్చే మోడెం అది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత పుస్తకం రంగుకు తిరిగింది. ఇప్పటివాళ్లకు చూపిస్తే పెన్‌డ్రైవ్ అనుకుంటారు. నేను చార్జరు సంగతి మర్చిపోయి దాన్ని అరచేతిలో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. ఒక దసరా తర్వాత ఐదు రోజుల పాటు మా ఇంట్లో నలుగురం దీని చుట్టే తిరిగాం. దీనివల్ల నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్క చదువు దీని మీద ఆధారపడి ఉండింది, దీన్ని ఆ గతికి తెచ్చింది నేనేనని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు మా ఇల్లు సోమందేపల్లెలో, హైవేకి కొంచెం లోపలగా ఉండేది. ముందుగదే మగ్గం గది. ఎవరు ఇంట్లోకి రావాలన్నా మగ్గం పక్కన ఒదిగి నడిచి రావాల్సిందే. తెల్లవారక ముందే నాయన మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కూర్చునేవాడు. మగ్గం చప్పుడుకు నాకు ఎప్పుడూ మెలకువ రాలేదు, అది ఆగితేనే ఉలిక్కిపడి లేచేదాన్ని. గదిలో పోగులకు పట్టించిన గంజి వాసన, గుంతలోని చల్లటి మట్టి వాసన కలిసి ఉండేవి. పొద్దెక్కేసరికి వంటింట్లోంచి అమ్మ వేయించే చెనిక్కాయల వాసన వచ్చి వాటి మీద కూర్చునేది. మధ్యాహ్నం సంగటి, ఆ వేరుశనగలే నూరిన ఊరుబిండి. కొళాయి నాలుగు రోజులకు ఒకసారి వచ్చేది, ఆ పూట మాత్రం మగ్గం ఆగేది, అందరం బిందెలు పట్టుకునేవాళ్లం. మిగతా రోజుల్లో ఇంట్లో ఏం జరిగినా, ఎవరు వచ్చినా, నాయన చేతులు ఆగేవి కావు. మాట్లాడేది కూడా మగ్గం చప్పుడుకు చప్పుడుకు మధ్యలోనే. అందుకేనేమో ఆయన ఏదైనా నాలుగు మాటల్లో తేల్చేసేవాడు.

నాయనకు ఒక పద్ధతి ఉండేది. నేసేటప్పుడు పోగు తెగితే, తెగినట్టు కనపడిన చోటికి చెయ్యి పోనిచ్చేవాడు కాదు. అంచు దగ్గర మొదలుపెట్టి, కళ్లు దాదాపు మూసుకుని, పోగుల మీదుగా వేళ్లు నడిపించుకుంటూ వచ్చేవాడు. తెగినట్టు కనపడిన పోగు ఒకటైతే, కనపడనివి ఇంకో రెండు ఆ వేళ్లకు దొరికేవి. నేను చిన్నప్పుడు విసుక్కునేదాన్ని. "అగో, ఆడ తెగింది గదా నాయనా, కనపడతాండాది గదా" అని వేలు పెట్టి చూపించేదాన్ని. ఆయన తల ఎత్తేవాడు కాదు. మళ్లీ అంచు దగ్గర నుంచే వచ్చేవాడు.

ఆయన పక్కన అక్క కూర్చునేది. అక్క డిగ్రీ పాసైన ఏడాదే అమ్మకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయింది. పెద్దంచు చీరకు ఇద్దరుండాలి, అమ్మ బదులు మగ్గం దగ్గర నాయనకు రెండో మనిషి కావాలి. నేను అప్పుడే ఇంటరు పూర్తి చేసి ఉన్నాను. "నాకు మగ్గమే బాగుండాది మే, నువ్వు పోయి సదువుకో" అంది అక్క. నేను ఒక్కసారి కూడా మారుమాట్లాడకుండా అనంతపురం హాస్టల్‌కు పోయి కంప్యూటర్ చదువులో చేరిపోయాను. అక్క ఆరేళ్లు మగ్గంలో కూర్చుంది. నేను డిగ్రీ అయ్యాక ఎంసీఏలో కూడా చేరాను. అక్క మగ్గం దూలానికి పుస్తకం ఆనించుకుని, పని మధ్యలో ఒక్కో పేజీ చదువుకుని, బీఈడీ ప్రవేశ పరీక్ష రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. ఆ కబురు విన్నాక నాయన "మంచిదే" అన్నాడు. మళ్లీ మగ్గం చప్పుడు మొదలైంది.

కంప్యూటర్ సంగతి చెప్పాలి. మా మేనమామ ఒకాయన తన ఆఫీసులో మార్చేసిన పాతది మాకు ఇచ్చాడు. దాన్ని మగ్గం గదిలోనే ఒక మూల బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా అమ్మ పాత చీర కప్పేది. నేను హాస్టల్ నుంచి వచ్చినప్పుడు వాడుకోవడానికి ఈ డాంగిల్ కొన్నాం. అందులో సిమ్ పెట్టే సందుకు చిన్న రబ్బరు మూత ఉండేది, అది మొదటి నెలలోనే ఎక్కడో పడిపోయింది. పడిపోతే ఏమైంది, పని చేస్తోంది కదా అనుకున్నాం. కొన్నాళ్లకు కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. తెరిస్తే చాలు, ఏవో పెట్టెలు తెర నిండా పుట్టుకొచ్చేవి. ఆ దసరా సెలవులకు నేను కాలేజీలో ఎవరో పంచిన, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ సీడీ ఒకటి పట్టుకుని ఇంటికి వచ్చాను. అప్పట్లో నాకు దాని మీద వెర్రి అభిమానం. విండోస్ తీసేసి, దాని స్థానంలో లైనక్స్ వేసేశాను. పాత కంప్యూటర్ కొత్తదానిలా పరుగెత్తింది. నేను ఇల్లంతా తిరిగి చెప్పుకున్నాను. డాంగిల్ మాత్రం గుచ్చి చూడలేదు.

రెండు రోజులకు ఆయుధపూజ. మా అమ్మ ఆ పూజ చేస్తే ఇంట్లో పనిముట్టన్నది ఏదీ తప్పించుకోలేదు. మగ్గానికి, అందులో అటూ ఇటూ తిరిగే నాడెకు, కత్తెరకు, కత్తిపీటకు, మిక్సీకి, నాయన సైకిల్‌కు, అన్నిటికీ పసుపు, కుంకుమ, పువ్వు. పసుపును నీళ్లతో ముద్దగా కలిపి, ఉంగరం వేలితో అద్ది, పెట్టే బొట్టు ప్రతి వస్తువుకూ దాని ముఖాన ఉండాలని అమ్మ పట్టుదల. కంప్యూటర్‌కూ పెట్టింది, కీబోర్డుకూ పెట్టింది. డాంగిల్‌ను ఒక పళ్లెంలో పెట్టి దానికీ పెట్టింది. ఇంట్లో పూజ చేసినప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. చూశాను కూడా. హారతి కళ్లకు అద్దుకుని గుగ్గిళ్లు తిన్నాను.

పండగ మర్నాడు కౌన్సెలింగ్ సంగతి తెలిసింది. ఏ కాలేజీలు కావాలో వరుసగా ఇంటర్నెట్‌లో ఎక్కించాలి, శనివారం సాయంత్రం ఆరు దాటితే ఆ సంవత్సరానికి అంతే. అది తెలిసిన రోజే బందు మొదలైంది. బస్సుల్లేవు. హైవే మీద ఉన్న రెండు నెట్ సెంటర్లూ షట్టర్లు దించేశాయి. పెనుకొండలోనూ అంతే, హిందూపురంలోనూ అంతేనని తెలిసింది. అక్క ముఖం చిన్నబోయింది. "ఏం కాదులే అక్కా, మన ఇంట్లోనే నెట్ ఉండాది గదా" అన్నాను నేను, ఏదో నా జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. ఆ మాట అన్న గంటకే డాంగిల్ గుచ్చాను. తెర మీద ఒక సీడీ బొమ్మ వచ్చింది. అంతే. మోడెం అని ఎక్కడా లేదు. తీసి మళ్లీ గుచ్చాను. మళ్లీ సీడీ.

ఆ రోజు మొత్తం దాని ముందే కూర్చున్నాను. మర్నాడు పొద్దున బాషన్న ఇంటికి పోయాను. హైవే మీద సెల్ షాపు ఆయనదే, డాంగిల్ అమ్మింది ఆయనే. గడప మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. విషయం విని వేపపుల్ల పక్కన పెట్టాడు.

"విండోసు ఉండింటే రొండు నిమిషాల పని పాపా. బాగున్నదాన్ని యాల తీసేసినావు?"

"వైరస్ ఉండె అన్నా."

"వైరస్ ఎవురింట్లో లేదు చెప్పు. నెట్టు మాత్రం వస్తాండె గదా."

"నీ కాడ విండోస్ సీడీ ఉంటే ఇయ్యన్నా, మళ్లా వేసేస్తా."

"మా బామ్మర్ది హిందూపురం ఎత్తుకపోయినాడు. బందు అయిపోయినాంక తెప్పిస్తా."

బందు ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు ఆయన వెనక నుంచి "అయినా ఆ లైనక్స్ మన కొంపల్లోకి ఎందుకప్పా" అనడం వినిపించింది. ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా ఇదే మాట. లైనక్స్‌లో పాటలు రావు, ప్రింటర్ పని చేయదు, డాంగిల్ అసలే పని చేయదు అని. నేను కాలేజీలో వీళ్లందరితో వాదించేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లోనే, మా అక్క విషయంలోనే, వాళ్లు చెప్పిందే నిజమైందని నాకు ఏడుపొచ్చింది.

లైనక్స్‌లో డాంగిల్ పని చేయాలంటే ఏం చేయాలో ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ రావాలంటే డాంగిల్ పని చేయాలి. ఈ మాట చెప్తే అమ్మ నవ్వుతుందేమోనని చెప్పాను. అమ్మ నవ్వలేదు, "అయితే ఎట్ల మే?" అంది. నా క్లాస్‌మేట్ ఉష సెలవులకు బెంగళూరులో వాళ్ల చిన్నాన్న ఇంట్లో ఉంది. దాని దగ్గర నెట్ ఉంది. ఫోన్ చేసి నా బాధ చెప్పుకున్నాను. అది ఒక పూట వెతికి, మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అది దొంగమొగందే. మొదట సీడీ వేషం వేస్తాదంట. విండోస్‌కు కావాల్సిన సరుకు దాంట్లోనే పెట్టింటారు. ఆ సీడీని బయటికి పంపిస్తే అప్పుడు మోడెం అవుతాదంట. రాసుకో" అని అక్షరం అక్షరం చదివింది. నేను ఫోన్ భుజానికి, చెవికి మధ్య నొక్కిపెట్టి, ఒక్కో అక్షరం టైపు చేశాను. ఒకచోట ఖాళీ ఇవ్వాలో, గీత ఇవ్వాలో తెలియక రెండుసార్లు తప్పింది. మూడోసారి సీడీ బొమ్మ తెర మీద నుంచి మాయమైంది. కాసేపటికి, నెట్‌వర్క్ ఉండే చోట మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అనే మాట ప్రత్యక్షమైంది. నేను కేక పెట్టాను. మగ్గం చప్పుడు ఆగింది. నాయన, అక్క ఇద్దరూ నా వైపు చూశారు. "వచ్చిందా?" అన్నాడు నాయన. "వస్తాది నాయనా, మోడెమ్మని ఒప్పుకుంది" అన్నాను. ఆయన సరేనని మళ్లీ మొదలుపెట్టాడు.

రాలేదు. కనెక్ట్ నొక్కితే కాసేపు తిరిగి ఊరుకునేది. ఉష చెప్పిన చోట వెతికితే, లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్ వరుసగా రాసుకునే పేజీ ఒకటి దొరికింది. అందులో ఒక వరుస ఇంగ్లీషులో చెప్పింది, సిమ్ లేదు అని. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సిమ్ లేకపోవడం ఏమిటి, నా చేత్తో నేనే పెట్టాను, మొన్న పండగ ముందు దాకా దాంతోనే నెట్ వచ్చింది. ఈ లైనక్స్‌కు కళ్లు లేవు అనుకున్నాను. ఇక ఆ రోజూ, మరుసటి రోజూ నేను మార్చని సెట్టింగు లేదు. కంపెనీ పేరు మార్చాను, డయల్ చేసే నంబరు మార్చాను, పాస్‌వర్డు ఉన్నట్టు పెట్టాను, లేనట్టు పెట్టాను, సిగ్నల్ లేదేమోనని డాంగిల్‌కు పొడుగు వైరు తగిలించి కిటికీ ఊచకు కట్టాను. ప్రతిసారీ చివర్లో అదే వరుస. సిమ్ లేదు.

శుక్రవారం నేను అక్కతో ఒక మాటన్నాను. "నీ హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు చెప్పు. కాలేజీల వరుస ఫోన్‌లో ఉషకు చదివి చెప్పు. అదే ఎక్కించేస్తాది, అయిపోతాది." ఇది నాకు మొదటి రోజే తట్టాల్సింది. నా పని నేనే చేసి చూపించాలనే పంతంతో తట్టలేదో, తట్టినా తోసేశానో. అక్క మగ్గంలోంచి తల ఎత్తకుండా "వద్దు" అంది. "పాస్‌వర్డు ఎవరికీ ఇయ్యకూడదని కాగితంలో రాసినారు" అంది. "ఉష మన మనిషే గదా అక్కా" అన్నాను. "వద్దంటి గదా మే, రేపు దాకా చూద్దాం" అంది. ఆ గొంతు నాకు కొత్తగా అనిపించింది. నామీద కోపమని అనుకున్నాను. అక్క ఆ ఐదు రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాలేజీల పేర్లు రాసుకున్న కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దోపుకుని తిరిగేది. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. చూసేదేముంది, అనంతపురం మొదట ఉంటుంది, తర్వాత హిందూపురం ఉంటుంది, రోజూ బస్సులో పోయొస్తుంది అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. రోజూ పోయే వేళే. వచ్చేసరికి నాలుగవుతుంది. నేను చీకటి తెర ముందు మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాను. నాయన భోంచేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన కంప్యూటర్ దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏమంటాది అది?" అన్నాడు.

"సిమ్ లేదంటాది నాయనా."

"ఉండాదా?"

"ఉండాది. నేనే ఏసినా."

"చూసినావా?"

"నేనే ఏసినా అంటి గదా. ఆర్నెల్ల నుంచి దాంట్లోనే ఉండాది."

"ఆర్నెల్ల కింద ఏసినావు. ఇప్పుడు చూసినావా అని అడుగుతాండా."

కిటికీ ఊచకు కట్టిన డాంగిల్ వైపు చూశాను. ఐదు రోజుల్లో ఆ పని ఒక్కటే చేయలేదు. "లైనక్స్‌కు తెలీడం లేదు నాయనా, దానికి..." అని ఏదో చెప్పబోయాను. "అది మొన్నటి నుంచి లేదంటాంటే, ఒకతూరి తీసి చూసేకేమి?" అన్నాడాయన. తెగిన పోగు కోసం అంచు దగ్గర నుంచి వేళ్లు నడిపే మనిషి ఆయన. నేను చివర్న కనపడిన దాని మీదే పడి కొట్టుకుంటున్నాను. కిటికీ ఊచ నుంచి డాంగిల్ విప్పి, గోటితో సిమ్ బయటికి లాగాను. రాలేదు. పట్టేసింది. నాయన మగ్గం దగ్గర నుంచి, దువ్వెనలాంటి అచ్చు పళ్ల మధ్యకు పోగు దూర్చే సన్నటి రేకు తెచ్చి మెల్లగా కదిలించాడు. సిమ్ బయటికొచ్చింది. దాని మీద, బంగారు రంగు గీతలు కనపడాల్సిన చోట, ఎండి బిళ్ల కట్టిన పసుపూ కుంకుమా ఉన్నాయి.

వెలుతురు వైపు తిప్పి చూస్తే సందు లోపల కూడా అదే. అమ్మ ప్రతి పనిముట్టుకూ ముఖం వెతికి బొట్టు పెడుతుంది కదా. డాంగిల్‌కు ఒకవైపు కంప్యూటర్‌లోకి దూరేది, రెండోవైపు నోరులా తెరుచుకున్న సందు. ఆ నోరే ముఖమనుకుంది. పసుపు ముద్ద తడి తడిగా లోపలికి జారింది. నేను పళ్లెం ముందే కూర్చుని గుగ్గిళ్లు తింటూ ఇదంతా చూశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి సిమ్ చూసింది. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనా చేసింది? పాప సదువు నా చేత్తో నేనే..." అంది. నాయన కసిరినట్టు, "గమ్మునుండు. చిన్నపాప ఆడనే ఉండింది గదా, సందు తెరిసిండాదని దానికి తెలీదా?" అన్నాడు. ఆ మాట నిజం కాబట్టి నాకు నొప్పి కలగలేదు. నొప్పి కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఐదు రోజులుగా గుండెల మీద కూర్చున్నది లేచిపోయినట్టయింది. నేను వేసిన లైనక్స్ తప్పు చేయలేదు. అది మొదటి నుంచీ నిజమే చెప్తోంది.

అక్క అరిగిన రబ్బరు ముక్కతో సిమ్ తుడిచింది. నాయన ఆ రేకుకు మెత్తటి పట్టు నూలు చుట్టి సందు లోపల తుడిచాడు. బయటికి తీసినప్పుడల్లా నూలు ఎర్రగా వచ్చేది. అది తెల్లగా వచ్చే దాకా తుడిచాడు, ఎంత తొందరపెట్టినా వినలేదు. నాలుగు దాటాక కరెంటొచ్చింది. కంప్యూటర్ లేచింది. డాంగిల్ గుచ్చి, సీడీని బయటికి పంపి, కనెక్ట్ నొక్కాను. తిరిగింది, తిరిగింది, ఆగింది. డాంగిల్ మీద లైటు నీలంగా మారింది. "వచ్చింది" అన్నాను. గట్టిగా అనలేకపోయాను. అమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఒకవేళ మళ్లీ బొట్టు పెడుతుందేమోనని నేను డాంగిల్ మీద చెయ్యి అడ్డం పెట్టాను. అక్క పగలబడి నవ్వింది. ఆ వారంలో అక్క నవ్వడం అదే మొదలు.

పేజీ తెరుచుకునేసరికి ఐదు కావస్తోంది. అక్క కాగితం తీసి మడతలు విప్పింది. నేను టైపు చేయడానికి కూర్చున్నాను. మొదటి పేరు తిరుపతిలోది. రెండోది కర్నూలు. మూడోది కడప. అనంతపురం పేరు ఐదు పేర్లలో ఎక్కడా లేదు. నేను కాగితం తిప్పి చూశాను, వెనక వైపు ఏమైనా ఉందేమోనని.

"ఇదేందక్కా? నీ ర్యాంకుకు అనంతపురం వస్తాది గదా. రోజూ ఇంటి నుంచి పోయి రావచ్చు."

అక్క కళ్లు నా వెనక్కి పోయాయి. నాయన వెనకే నిలబడి ఉన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఉషకు ఫోన్‌లో చదవడానికి ఎందుకు వద్దందో. మా ఇంట్లో ఏ మూల మాట్లాడినా మగ్గం గదిలో వినిపిస్తుంది. గడియారంలో ఐదు దాటింది. చివరికి అక్క నేల వైపు చూస్తూ అంది. "రోజూ ఇంటికొస్తే రోజూ మగ్గంలో కూసోవల్ల. ఇంట్లో ఉంటే నేను లేకుండా నాయన నేయడు, నేనూ కూసోకుండా ఉండలేను. సదువు సాగదు. నాకు మగ్గం చాలనిపిచ్చింది నాయనా."

ఆరేళ్లలో అక్క నోటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు. నాయన కాసేపు అక్క తల వైపే చూశాడు. కోప్పడతాడని నేను భయపడ్డాను. ఆయన ఒక్క అడుగు ముందుకు వేసి నా కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఈ మాట ముందే చెప్పింటే ముందే పంపిచ్చింటి గదా పెద్దపాపా" అన్నాడు. నా వైపు తిరిగి, "చిన్నపాపా, బిర్నా కొట్టు, టైము లేదు. తిరుపతే మొదట పెట్టు" అన్నాడు. "మరి నీకు మగ్గం కాడ?" అంది అమ్మ. "ఒక్కడు నేసే చీరలు లేవా ఏంది లోకంలో? చిన్నంచు చీరలు నేస్తా" అన్నాడు. పెద్దంచు పట్టుచీరలకు మా వీధిలో నాయనకున్న పేరు ఎవరికీ లేదు. అది ఆయన అంత తేలిగ్గా వదిలేస్తాడని మేం ఎవరం అనుకోలేదు. నేను ఐదు పేర్లూ ఎక్కించాను. భద్రపరిచినట్టు పేజీలో ఆకుపచ్చ వరుస వచ్చింది. అక్క దాన్ని తనే చదవాలని నన్ను పక్కకు జరిపి, పైకి చదివింది. మళ్లీ చదివింది. మాకందరికీ నెత్తిన పాలు పోసినట్టయింది.

తిరుపతి సీటే వచ్చింది. బందు ఎత్తేశాక నాయనే తీసుకెళ్లి హాస్టల్‌లో దింపి వచ్చాడు. అక్క ఇప్పుడు కదిరి పక్కన ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. నాయన పోయి నాలుగేళ్లయింది, చివరి దాకా చిన్నంచు చీరలే నేశాడు. ఇప్పుడు నెట్ కోసం ఎవరూ ఎదురుచూడరు. అక్క ఇంట్లో గోడకు ఒక పెట్టె ఉంది, ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నెట్ వస్తోందో లేదో ఎవరూ పట్టించుకోరు. ఇది మంచిదే. ఒక పేజీ తెరుచుకోవడానికి ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టే రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. అవి బాగున్న రోజులని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయితే ఇప్పటిలా ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకునే కాలమైతే, అక్క ఆ ఐదు పేర్లను ఒక మూల కూర్చుని ఎక్కించేసేది. ఆమెకు మగ్గం చాలనిపించిందని నాయనకు ఎన్నటికీ తెలిసేది కాదు. అది తలుచుకుంటే ఆ ఐదు రోజుల కష్టం నాకు బరువనిపించదు.

పోయిన నెల కదిరిలో డాంగిల్ అక్క చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి నవ్వుకుంది. "నిజం చెప్పల్లంటే మే, అది పనిచేయకుంటే బాగుండునని గూడా అనుకుంటి అప్పుడు. పనిచేస్తే నాయన ముందర నోరిప్పల్ల గదా. ఒక్కో పూట గడిస్తే ఇంగో పూట తప్పింది అనుకుంటాంటి. నువ్వేమో దాని ముందర కూసోని ఏడుస్తాంటివి."

నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, ఇన్నేళ్లుగా అడగనిది అడిగాను. "మగ్గమే బాగుండాదని మొదట్లో నాతో ఎందుకన్నావక్కా?"

"అనకుంటే నువ్వు పోయేదానివా?"

"నిజమే అనుకున్నా నేను. ఆరేండ్లు ఒక్కతూరి గూడా నిన్ను చూసి అడగల్యా."

అక్క డాంగిల్‌ను సంచిలో వేసి మూతి కట్టేసింది. "నువ్వు అడిగింటే ఏడ్సేదాన్ని మే. ఏడిస్తే నువ్వు పోకపోదువు, ఇద్దరం మగ్గంలోనే ఉందుము. అడగకపోయిందే మేలయింది. నువ్వు పోయినావు, నీ ఎనకాల నేనూ పోతి. ఇంగేం?" అని లేచి, అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.